ఎడమ మూల గడ్డి

ఆ మైదానంలో గడ్డి వదిన నోటికి భయపడని మనుషులు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆమె అత్తగారు, ఆవిడకు చెవులు సగం పోయాయి కాబట్టి. రెండోవాడు కెప్టెన్, ఆమె చేతి తిండి తిని మనిషయ్యాడు కాబట్టి. మిగతా వాళ్లంతా, క్లబ్బు సెక్రటరీతో సహా, ఆమె నీళ్ల గొట్టం పట్టుకుని నడిమధ్య నిలబడి ఉంటే గోడవారగా చుట్టూ తిరిగి పోయేవాళ్లే తప్ప అడ్డంగా నడిచే ధైర్యం చేసేవాళ్లు కాదు. కొత్తగా వచ్చిన కోచ్ తెలియక ఒకరోజు బూట్లతో తడిగడ్డి మీద నడిచాడు. "ఏం నాయనా, మీ ఇంట్లో అప్పుడే తుడిచిన గదిలో కూడా ఇలాగే నడుస్తావా? మీ ఆవిడ ఊరుకుంటుందా?" అని ఆటగాళ్లందరి ముందూ అడిగేసింది. గడ్డి పెంచడంలోనూ, గడ్డి పెట్టడంలోనూ వదిన తరువాతే ఎవరైనా అని ఆటగాళ్లు నవ్వుకునేవారు. ఆ మాట ఆమె చెవిన పడింది. పడినా కోపం రాలేదు. ఉన్న మాటేగా.

ఆమె ఉండేది తూర్పు గ్యాలరీ మెట్ల కింద గదిలో. పైన జనం కూర్చునే మెట్లు ఎలా దిగుతాయో కింద గది కప్పు కూడా అలాగే దిగుతుంది. తలుపు దగ్గర నిటారుగా నిలబడవచ్చు. లోపలికి పోయేకొద్దీ వంగాలి. చివరికి చేరాక పడుకోవడం తప్ప దారి లేదు, అందుకే అక్కడ అత్తగారి మంచం వేశారు. ఆట ఉన్న రోజున పైన జనం కాళ్లు కదిలితే కప్పునుంచి సున్నం రాలుతుంది. నీళ్ల బిందె మీద పళ్లెం మూయాలి, దుప్పట్లు దులపాలి. అత్తగారికి చెవులు లేకపోతేనేం, వీపుతో వింటుంది. మంచం ఊగిన తీరును బట్టి "ఇది మనవాళ్ల గోలు", "ఇది వాళ్లది, ఒక్కడూ లేవలేదు" అని చెప్పేస్తుంది. ఇంతవరకూ ఆవిడ మాట తప్పలేదు.

కెప్టెన్ ఆ గదిలోకి మొదటిసారి వచ్చినప్పుడు వాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. చేతిలో రేకు పెట్టె, మోకాలికి దెబ్బ, కడుపులో ఆకలి. వదిన మొగుడు అప్పట్లో మైదానం చూసేవాడు. "ఈ కుర్రాడికి హాస్టల్లో మంచం ఖాళీ అయ్యేదాకా మనింట్లో పడుకుంటాడే" అన్నాడు. మంచం ఖాళీ కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాడు తలుపు దగ్గర చాప మీద పడుకున్నాడు, నిద్రలో బంతి అనుకుని గుమ్మాన్ని తన్నాడు, ఆమె చేత తిట్లు తిన్నాడు, వదినా అని పిలవడం నేర్చుకున్నాడు. మొగుడేమో వాణ్ని వేకువనే లేపి, చెప్పులు విప్పించి, మైదానమంతా నడిపించేవాడు. "బూటు వేసుకుంటే నేల చెప్పేది వినపడదురా. అరికాలితో విను. ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి, బంతి ఎక్కడ నీ మాట వింటుంది, ఎక్కడ వినదు, అంతా అరికాలికి తెలియాలి" అనేవాడు. పెద్ద ఆటగాడైపోయినా, పెళ్లయి ఇద్దరు కూతుళ్లు పుట్టినా, కెప్టెన్ ఆ అలవాటు పూర్తిగా మానలేదు. ప్రతి సీజన్‌లోనూ సొంత మైదానంలో ఆఖరి ఆటకు ముందురోజు సాయంత్రం చెప్పులు విప్పి ఒక్కడే చుట్టూ నడిచేవాడు. వదిన మొగుడు పోయాక కూడా నడిచేవాడు.

ఆ మనిషి పోయింది మైదానంలోనే. రోలరు లాగుతూ దాని హ్యాండిల్ మీదికే వాలిపోయాడు. పదిరోజులు తిరక్కుండానే సెక్రటరీ గది ఖాళీ చెయ్యమన్నాడు, మైదానం పని ఏదో కంపెనీకి ఇస్తామన్నాడు. అప్పుడు కెప్టెన్ ఆఫీసులోకి పోయి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "అన్న చేసిన పని వదిన చేస్తుంది. ఆవిణ్ని పంపించేస్తే ఆ నేల మీద నేను కాలు పెట్టను" అన్నాడట.

"ఆడమనిషి రోలరు లాగుతుందటయ్యా?" అన్నాడట సెక్రటరీ.

గుమ్మం బయట నిలబడ్డ వదిన ఆగలేకపోయింది. "మిమ్మల్ని దాని మీద కూర్చోబెట్టి మరీ లాగుతా, రండి" అంది.

సెక్రటరీ కూర్చోలేదు కానీ, ఉద్యోగం మాత్రం ఆమెకు మిగిలింది. గది మిగిలింది. అత్తగారి మంచం ఉన్నచోటే ఉంది. ఆ సంగతి వదిన ఎవరితోనూ చెప్పుకోలేదు, కెప్టెన్‌కు చేతులు జోడించనూ లేదు. ఆమెకు అలాంటివి రావు. మరునాడు వాడు ప్రాక్టీసుకు వస్తే, "బూట్లు దులుపుకుని తగలడు, ఇప్పుడు తిట్టేది మీ అన్న కాదు, నేను" అంది. వాడికి అర్థమైంది.

ఇదంతా వెనకటి మాట. ఈ సీజన్ వచ్చేసరికి కెప్టెన్‌కు ముప్ఫై ఆరు నిండాయి. ఎడమ పక్క కాపలా కాసే ఆటగాడు అతను. ఎదుటి జట్టులో కుడి పక్కనుంచి దూసుకొచ్చే వాళ్లందరినీ ఇన్నేళ్లూ ఆపింది ఆ రెండు కాళ్లే. కాంట్రాక్టు ఈ సీజన్‌తో సరి. మళ్లీ రాస్తారో రాయరో ఎవరికీ తెలియదు.

సీజన్ మొదటి ఆటలోనే, పాలు మరిచినట్టు కూడా లేని ఒక కుర్రాడు కెప్టెన్ పక్కనుంచి బంతి తీసుకుని వెళ్లిపోయాడు. తోసి వెళ్లలేదు, మాయ చేసి వెళ్లలేదు, ఊరికే పరుగెత్తి వెళ్లిపోయాడు. కెప్టెన్ వెనక పరుగెత్తాడు. ఇద్దరి మధ్యా దూరం పెరుగుతూనే ఉంది. గ్యాలరీలో ఎవడో, "తాతా, బస్సు వెళ్లిపోయింది, ఇంక పరుగెత్తకు!" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్లు పగలబడి నవ్వారు. ఈ జనమే ఇన్నాళ్లూ ఇతని పేరు చెప్పుకుని చొక్కాలు చింపుకున్నారు.

గోలుపోస్టు వెనక నిలబడ్డ వదిన ఆ అరిచినవాణ్ని గుర్తుపెట్టుకుంది. ఆట అయ్యాక వాడు గేటు దగ్గరికి రాగానే గొట్టం తిప్పి నడుం దాకా తడిపేసింది. "అయ్యో, చూసుకోలేదు బాబూ, కళ్లు కనపడవు, ముసలిదాన్ని" అంది. అలా తడిపినా ఆమె కడుపుమంట చల్లారలేదు. కెప్టెన్ ముఖం కళ్లముందు నుంచి పోలేదు. జనం నవ్వుతుంటే వాడు బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నాడు. లేసు ఊడలేదు. ఆమె చూసింది.

మరునాడు పొద్దున్నే గడ్డి కోసే మిషన్ బయటికి తీసింది. దాని పక్కన బ్లేడు ఎత్తు మార్చే మీట ఉంటుంది. మైదానమంతా మామూలు ఎత్తులోనే కోసింది. కెప్టెన్ కాపలా కాసే మూలకు వచ్చేసరికి మీట పైకి లాగింది. వేలి గోరంత ఎత్తు, అంతే. ఆ మూలలో రోలరు తిప్పలేదు. అన్నిచోట్లా నీళ్లు పట్టింది, అక్కడ పట్టలేదు. తడిసి అణిగిన నేల మీద బంతి జారిపోతుంది. ఒత్తుగా, పొడిగా ఉన్న గడ్డిలో ఇరుక్కున్నట్టు నెమ్మదిస్తుంది. దూసుకొచ్చేవాడు బంతి కోసం అర అడుగు ఆగాలి. ఆ అర అడుగు చాలు, కెప్టెన్ అందుకుంటాడు.

విరామం తరువాత జట్లు చోట్లు మార్చుకుంటాయి. అప్పుడు కెప్టెన్ కాసే మూల ఇటు కాదు, అటు కొసన ఎదురు మూల. అందుకని అక్కడా అంతే చేసింది. గడ్డి కాస్త ఎత్తుగా ఉంటే ముదురు రంగులో కనిపిస్తుంది, కనిపెట్టేస్తారు. ఆ రెండు మూలల్లో మిషన్ను ఎదురు దిశలో నడిపింది. అటు వాల్చి కోసిన గడ్డి ఎండకు లేత రంగులో మెరుస్తుంది. గ్యాలరీలో కూర్చుని చూస్తే మైదానమంతా ఒక్క తీరుగా, ఇస్త్రీ చేసిన చీరలా ఉంది. మొగుడు బతికి ఉండగా ఈ విద్యలన్నీ వంకరలు కప్పిపుచ్చడానికి వాడేవాడు. ఆమె ఇలా వాడింది.

"ఏం చేస్తున్నావే ఇందాకట్నుంచీ ఆ మూల?" అంది అత్తగారు గుమ్మంలో కూర్చుని.

"ఎలుక బొక్కలు పూడుస్తున్నా."

"ఏ ఎలుకకి?" అంది అత్తగారు. చెవులు పోయినా కళ్లు శుభ్రంగా ఉన్నాయి ఆవిడకి.

ఆ తరువాత ఆటలో కెప్టెన్ ఒక్కణ్నీ దాటనివ్వలేదు. దాని తరువాతి ఆటలోనూ అంతే. "సింహం మళ్లీ లేచింది" అని పేపర్లో ఫొటో వేశారు. బస్సు వెళ్లిపోయిందని అరిచినవాడే, "మావాడిలాంటివాడు మళ్లీ పుట్టడు" అని పక్కవాడితో పందెం కాశాడు. కెప్టెన్ మైదానం దాటి నేరుగా ఆమె గది దగ్గరికి వచ్చాడు, చెమటలతోనే.

"చూశావా వదినా! కాళ్లు తిరిగొచ్చాయి."

"ఎక్కడికి పోయాయేంటి తిరిగి రావడానికి? కుంటుతూ సందు చివరి దాకా వెళ్లొచ్చుంటాయి" అంది.

వాడు నవ్వాడు. చిన్నప్పుడు చాప మీద పడుకుని నవ్వినట్టే నవ్వాడు. ఆమె కడుపు నిండిపోయింది. బయటి ఊళ్లలో ఆడినప్పుడు మాత్రం వాడు తేలిపోయేవాడు. "బస్సులో ఒళ్లు బిగుసుకుపోతోంది వదినా, వాళ్ల మైదానాలూ చెత్త" అనేవాడు. "అవును మరి, అందరికీ నాలాంటి వదిన దొరుకుతుందా" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు నాలుక మీద ఏదో చేదు తగిలేది. నీళ్లు తాగి మింగేసేది.

ఆమె ఒక్కటి మరిచిపోయింది. గడ్డి మూలలో పెరుగుతుంది కానీ, ఆ మూల కెప్టెన్ ఒక్కడిదే కాదు. ఆట మొదటి సగంలో కెప్టెన్ కాసే మూల ఏదో, రెండో సగంలో సొంత జట్టు కుర్రాడొకడు గోలు కోసం పరుగెత్తే మూల అదే. ఎదురు మూలా అంతే. ఆట పొడుగునా ఆ కుర్రాడు పరుగెత్తవలసింది ఆమె మొండిగా వదిలేసిన గడ్డిలోనే.

ఆ కుర్రాణ్ని ఉడత అంటారు. కుడి పక్కన పరుగెత్తేవాడు, కొత్తగా వచ్చాడు, ఏడాది చూసి పనికొస్తే ఉంచుతామన్నారు. ప్రాక్టీసు పక్కనున్న మట్టి మైదానంలో. అక్కడ వాడు తోక కూడా కనపడనివ్వడు, అంత వేగం. ఈ గడ్డి మీదికి వచ్చేసరికి బంతిని ముందుకు కొట్టి పరుగెత్తితే, బంతి వెనకే ఆగిపోయి, తనొక్కడూ ముందుకు పోయేవాడు. జనం ఈలలు వేశారు. కోచ్ నెత్తి కొట్టుకున్నాడు.

ఒకరోజు వాడు గొట్టం చుడుతున్న వదిన దగ్గరికి వచ్చాడు.

"పిన్నీ, ఆ మూలలో బంతి నాతో రావట్లేదు. నేల ఏమైనా..."

"బంతికి నీ మొహం నచ్చలేదేమో, అద్దంలో చూసుకుని రా."

"కాదు పిన్నీ, నిజంగానే..."

"ఇన్నేళ్లుగా ఇదే నేల మీద కెప్టెన్ ఆడుతున్నాడు. వాడికి లేని నెప్పి నీకెందుకొచ్చింది? ముందు కాళ్లు నేర్చుకో, తరువాత నేలని తిడుదువు గానీ."

ఉడత ముఖం మాడిపోయింది. తల వంచుకుని పోయాడు. వాడు పోతున్న వైపు చూస్తుండగా ఆమెకు అప్పుడు వెలిగింది, వాడు ఎటునుంచి ఎటు పరుగెత్తుతాడో. గొట్టం చేతిలోనే ఉండిపోయింది, అందులో మిగిలిన నీళ్లు కాళ్ల మీద పడుతున్నాయి. ఆనక తనకు తనే సర్దిచెప్పుకుంది: వాడికి ఇంకా బోలెడు బతుకుంది, ఇంకో క్లబ్బు దొరుకుతుంది. మావాడికి ఇదొక్కటే ఉంది.

గ్యాలరీ వెనక కుళాయి దగ్గర ఫోను సిగ్నలు బాగా వస్తుందని ఉడత రోజూ అక్కడికే వచ్చేవాడు. ఆమె బిందె పట్టుకుని వెళ్తే గోడవతల వాడి గొంతు. "బాగానే ఆడుతున్నానమ్మా. ఆఁ, గోలు కూడా కొట్టా. నువ్వు రాకు, దూరం కదా, వచ్చే సీజన్‌లో చూద్దువు గానీ." వాడు ఒక్క గోలూ కొట్టలేదు. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె కుళాయి కట్టలేదు. ఆ రోజునుంచి నీళ్లకు అవతలి కుళాయికి పోయేది, అది ఎంత దూరమైనా.

సీజన్ చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం కెప్టెన్ భార్య వచ్చింది. ఆమె బట్టలు కుడుతుంది. మెడలో టేపు తీయకుండానే వచ్చిందంటే తొందర మీద ఉన్నట్టు. గుమ్మంలో కూర్చుంది.

"అక్కా, మీ మరిది సంగతి విన్నావా? సెక్రటరీ పిలిచి, పిల్లల జట్టుకి కోచ్‌గా ఉండమన్నాడు. పర్మనెంటు ఉద్యోగం, ఇల్లు కూడా ఇస్తామన్నారు. ఈయన వద్దన్నాడు!"

"వద్దన్నాడా?"

"ఆఁ. 'నా కాళ్లలో ఇంకా రెండేళ్ల ఆట ఉంది, సొంత మైదానంలో నన్ను ఒక్కడు దాటాడా చూపించండి' అన్నాడట. నాకేమో భయంగా ఉంది. మొన్న బయటి ఊళ్లో ఆడొచ్చాక మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకున్నాడు. అడిగితే కసిరాడు. నువ్వు చెప్తే వింటాడక్కా. సోమవారం దాకా గడువు పెట్టారు, తరువాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. కాంట్రాక్టు సంగతి ఆఖరి ఆట చూసి తేలుస్తారట."

"చెప్తాలే" అంది వదిన.

చెప్పడానికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి వాడు కూతురి బూటుకు లేసు ఎక్కిస్తున్నాడు. "రా వదినా" అన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, "మీ పెరటి గేటు కిర్రుమంటోంది, నూనె వెయ్యకూడదూ" అని వచ్చేసింది. రెండోసారి ఆదివారం, ప్రాక్టీసు అయ్యాక. వాడు ఒంటరిగానే ఉన్నాడు. "ఆ ఉద్యోగం ఒప్పుకో" అంది.

"నువ్వు కూడానా?" అన్నాడు వాడు. "అందరూ నన్ను ముసలాణ్ని చేస్తే నువ్వొక్కదానివే కదా వదినా చెయ్యనిది."

ఊళ్లో వాళ్లందరినీ దులిపేసే నోరు, సొంత తప్పు దగ్గరికి వచ్చేసరికి పెగలలేదు. చెప్తే వాడి కళ్లలో తను ఏమైపోతుందో అదే ఆలోచించింది తప్ప, చెప్పకపోతే వాడేమైపోతాడో ఆలోచించలేదు. సోమవారం వచ్చింది, పోయింది. పిల్లల కోచ్ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు.

ఆఖరి ఆటకు ముందురోజు పొద్దున ఆమె మిషన్ పక్కన చాలాసేపు కూర్చుంది. సాయంత్రం వాడు చెప్పులు విప్పి నడుస్తాడు. ఆ రెండు మూలలు ఇప్పుడే కోసేస్తే వాడికి ఏమీ తెలియదు. కానీ రేపు సెక్రటరీ, కోచ్, జనం అందరి ముందూ ఆ నున్నటి నేల మీద వాడి కాళ్లు బయటపడిపోతాయి. కొయ్యకపోతే రేపు గట్టెక్కుతాడు, సాయంత్రం పట్టుబడితే తప్ప. అరికాళ్లు కాయలు కాచిపోయాయిలే, ఏం తెలుస్తుందిలే అనుకుంది. మీట ముట్టుకోలేదు.

సాయంత్రం వాడు వచ్చాడు. చెప్పులు గోలుపోస్టు పక్కన పెట్టి నడక మొదలుపెట్టాడు. ఆమె గదిలోనే ఉండి కిటికీలోంచి చూస్తోంది. అటు పక్క నడిచాడు, మధ్యలో నడిచాడు. ఎడమ మూలకు వచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ ముందుకు వెళ్లాడు. కూర్చుని అరచెయ్యి ఆనించి చూశాడు. లేచి, మైదానానికి అడ్డంగా నడిచి ఎదురు మూలకు పోయాడు. అక్కడ కూర్చోలేదు. నిలబడి, కిటికీ వైపు చూశాడు.

"వెళ్లు. పిలుస్తున్నాడు" అంది అత్తగారు మంచం మీదనుంచి.

"పిలవలేదే."

"ఇంకెలా పిలవాలే?"

ఆమె వెళ్లింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వాడెవడో బస్సు అన్న దగ్గర్నుంచి."

కెప్టెన్ రోలరు మీద కూర్చున్నాడు. తన పాదాల వైపు చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.

"కాళ్లు తిరిగొచ్చాయనుకున్నా" అన్నాడు. "మా ఆవిడతో చెప్పా. పిల్లలతో చెప్పా. సెక్రటరీ బల్ల గుద్ది మరీ చెప్పా."

"నిన్ను చూసి నవ్వుతుంటే నేను ఎలా..."

"నవ్వనివ్వాల్సింది వదినా! నవ్వితే ఏమయ్యేది? సిగ్గుపడేవాణ్ని. రెండు రోజులు ఏడ్చేవాణ్ని. ఆ ఉద్యోగం ఒప్పుకునేవాణ్ని."

"నువ్వు నాకు చేసినదానికి..."

"అప్పు తీర్చావా?" అని అరిచాడు. ఇన్నేళ్లలో వాడు ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. "నేను సెక్రటరీ ఎదుట నిలబడి అడిగాను. ఈవిడ చెయ్యగలదు, చూడండి అని అడిగాను. నువ్వు నా వెనక, నాకే తెలియకుండా, వీడు చెయ్యలేడు అని తీర్మానించేశావు. రెండూ ఒకటేనా?"

ఆమె వంగి, పాదం పక్కన గడ్డిపోచ ఒకటి తెంపింది.

వాడు ఇంకేదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. ఎదురు మూల వైపు చూశాడు, మళ్లీ ఈ మూల. ముఖం మారిపోయింది.

"ఉడత" అన్నాడు. "వాడు పరుగెత్తేది ఇక్కడే."

ఆమె తల ఊపింది.

"వాణ్ని నేను తిట్టాను వదినా. డ్రెస్సింగ్ రూంలో, అందరి ముందూ. నీలాంటివాడు ఈ చొక్కా వేసుకోవడానికి సిగ్గుపడాలి అన్నాను. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు." లేచాడు. "మిషన్ తియ్యి. కొయ్యి."

"రేపొక్కరోజు ఆగు. సంతకం అయ్యాక నేనే కోసేస్తా. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు ఆనక."

"కొయ్యమన్నానా?"

"నా చేత్తో నేను కొయ్యను."

వాడే షెడ్డులోకి పోయి మిషన్ లాక్కొచ్చాడు. మీట కిందికి నొక్కి, చెప్పులు లేకుండానే నడపడం మొదలుపెట్టాడు. ఆ మిషన్ ఎప్పుడూ ముట్టుకున్నవాడు కాదు. గీత పాములా పోయింది. ఒకచోట నేల గీరేసింది, మట్టి కనపడింది. ఆమె చూడలేకపోయింది. ముఖం తిప్పుకుంది, మళ్లీ తిరిగింది, వెళ్లి వాడి చేతుల్లోంచి హ్యాండిల్ లాక్కుంది.

"తప్పుకో. పాడుచేస్తున్నావు."

రెండు మూలలూ తనే కోసింది. రోలరు తిప్పింది. నీళ్లు పట్టింది. వాడు గోలుపోస్టు దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు, సాయం చెయ్యలేదు. పని అయ్యాక చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్తున్నా అని చెప్పలేదు.

మరునాడు గ్యాలరీ నిండిపోయింది. కెప్టెన్ ముందుగా నడిచి వచ్చాడు, జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆట మొదలైన కాసేపటికే ఎదుటి జట్టు కుర్రాడు బంతిని ముందుకు తోసి పరుగెత్తాడు. బంతి ఆగలేదు. తడిసి నునుపెక్కిన నేల మీద గాజు మీద జారినట్టు జారింది. కెప్టెన్ ఒక్క అడుగు వెనకబడ్డాడు, తరువాత మూడడుగులు. గోలు. మళ్లీ ఇంకోసారి అలాగే జరిగింది, గోలుకీపర్ ఆపబట్టి సరిపోయింది. మూడోసారి కెప్టెన్ పరుగును నమ్ముకోలేదు. ఒళ్లంతా నేల మీదికి విసిరి, బంతి కోసం కాలు చాపి జారాడు. అందలేదు. లేవడానికి చెయ్యి ఆనించవలసి వచ్చింది. గ్యాలరీలో ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా ఘోరంగా ఉంది.

విరామం అయ్యాక కోచ్ కెప్టెన్‌ను కూర్చోబెట్టేశాడు. కెప్టెన్ కూర్చునే ముందు ఉడతను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. మైదానం అంచున ఉన్న వదినకు మాటలు వినపడలేదు. చెయ్యి ఎటు చూపించాడో మాత్రం కనపడింది. కుడి మూల వైపు.

ఆ రెండో సగంలో ఉడత ఆ మూలనుంచి పరుగెత్తినన్ని సార్లూ ఎవరూ ఆపలేకపోయారు. బంతి వాడి కాలికి కట్టినట్టు వచ్చింది. ఒకటి వాడే కొట్టాడు. ఇంకొకటి వాడు అందిస్తే ఇంకెవరో కొట్టారు. మెట్ల కింద గదిలో సున్నం రాలి బిందె మీది పళ్లెం తెల్లబడింది.

"గెలిచామే!" అంది అత్తగారు, వదిన లోపలికి రాగానే. "మంచం కింద నేలే ఊగింది."

"గెలిచాం."

"మనవాడు బాగా ఆడాడా?"

వదిన దుప్పటి దులిపింది. ముక్కులోకి సున్నం పోయి తుమ్ము వచ్చింది. ఆ వంకన కళ్లు తుడుచుకుంది.

జనం వెళ్లిపోయాక సెక్రటరీ ఆఫీసు తలుపు మూసుకుంది. కెప్టెన్ లోపల కూర్చున్నది కొద్దిసేపే. ఆమె అప్పటికే బుట్టలో ఇసుక, గడ్డి గింజలు వేసుకుని మైదానంలో దిగింది. ఆట అయ్యాక బూట్లు పెళ్లగించిన గుంటలన్నీ ఆ సాయంత్రమే పూడ్చాలి, లేకపోతే నేల గట్టిపడిపోతుంది. ఒక్కో గుంటా పూడ్చుకుంటూ ఎడమ మూలకు వచ్చింది. అక్కడ కెప్టెన్ జారిన గీత పొడుగ్గా, సూటిగా ఉంది. చివర చెయ్యి ఆనించి లేచినచోట అయిదు వేళ్ల గుర్తు. బుట్ట పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది కానీ, ఇసుక వెయ్యడానికి చెయ్యి ఆడలేదు.

కెప్టెన్ సంచి భుజాన వేసుకుని గేటు వైపు వెళ్తున్నాడు. ముఖం చూస్తే అడగక్కర్లేకుండానే తెలిసింది. దారి మార్చి ఇటు వచ్చాడు. గీతకు అవతల నిలబడ్డాడు.

"రాయలేదు" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. వదినా అంటాడేమోనని చూసింది. అనలేదు.

"ఉడతని ఉంచుతారు. ఇందాక కోచ్ చెప్పాడు." కాస్త ఆగాడు. "వాడు, నిన్నటిదాకా తను చేతకానివాణ్నే అనుకుంటున్నాడు. ఇవాళ ఏదో అదృష్టం కలిసొచ్చిందనుకుంటున్నాడు. వాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పు."

అంతే అన్నాడు. గేటు దాకా వెళ్లి, కిర్రుమనకుండా జాగ్రత్తగా మూసి వెళ్లిపోయాడు. ఆమె బుట్ట దగ్గరికి లాక్కుంది. తరువాత అయిదు వేళ్ల గుర్తులోనూ ఇసుక పోసింది, గింజలు చల్లింది, అరచేత్తో అదిమింది. మిగతా గుంటల కన్నా అక్కడ ఎక్కువసేపు పట్టింది.

గ్యాలరీ వెనక కుళాయి దగ్గర ఉడత ఉన్నాడు. ఒళ్లంతా మట్టి, చెవిలో ఫోను. "నిజంగానేనమ్మా! ఈసారి నిజంగానే..." అని, అన్న మాట తనకే వినపడి తడబడ్డాడు. అవతల తల్లి ఏదో అడుగుతోంది. వాడు నవ్వుతున్నాడు. ఖాళీ బుట్టతో వచ్చి నిలబడ్డ ఆమెను చూసి, మట్టి చేతులు కడుక్కోవడానికి వచ్చిందనుకుని, పక్కకు జరిగి కుళాయి తిప్పాడు.

"కడుక్కో పిన్నీ."

ఆమె కుళాయి కట్టేసింది. "నువ్వు మాట్లాడుకో. అయ్యేదాకా ఉంటాలే" అంది. గోడకు ఆనుకుని నిలబడి, మొదటి మాట ఏమనాలా అని వెతుక్కోసాగింది. తల్లీకొడుకుల మాటలు తొందరగా తెమిలేట్టు లేవు.